వంటింటికి చేరని మాట

మానసిక వైద్య విభాగంలో కొత్తగా చేరిన నర్సులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగాక ఎవరో ఒకరు అడుగుతారు: "ఆంటీ, అసలు ఈ పని ఎట్ల చెయ్యాలె?" ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్లకు నాకన్నా బాగా వచ్చు. రిజిస్టర్లు ఎలా నింపాలో ఆఫీసు నేర్పుతుంది. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక మనిషి సంగతి మాత్రమే. అతన్ని ఇక్కడ మల్లేశ్ అంటాను, అతని భార్యను సుజాత అంటాను. పేర్లు మార్చాను కానీ జరిగింది మార్చలేదు.

తాళం వేసిన బీరువా

నేను కరీంనగర్‌లో పుట్టాను. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. నర్సింగు చదివేటప్పుడు మనసు జబ్బుల మీద ఒక పలచటి పుస్తకం ఉండేది. పరీక్ష అయిన మరునాడే దాన్ని మరిచిపోయాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రసూతి వార్డులోనే గడిపాను. అక్కడి నుంచి బొగ్గు బాయిల నడుమ ఉన్న ఒక పట్టణంలో సర్కారు దవాఖానకు బదిలీ అయింది. బొగ్గు గనిని మా వైపు అందరూ బాయి అనే అంటారు. ఆ దవాఖానలో మానసిక వైద్య విభాగం కొత్తగా తెరిచారు. అందులో పనిచేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. "షమీమ్ సిస్టర్‌కు సబర్ ఎక్కువ, ఆమెను వేద్దాం" అని మా మేట్రన్ తేల్చేసింది. ఓపిక చూసి వేశారే తప్ప నాకేమైనా తెలుసా అని ఎవరూ అడగలేదు.

అందుకని శాఖా గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. ముందు గదిలో దినపత్రికలు, ఉద్యోగ ప్రకటనలు చూసుకునే పిల్లలు. వైద్యం పుస్తకాలు వెనక గదిలో తాళం వేసిన బీరువాలో ఉండేవి. తాళంచెవి వెతకడానికే గ్రంథపాలకుడికి రెండు సాయంత్రాలు పట్టింది. ఒక పక్క ఇంగ్లీషు పుస్తకం, ఇంకో పక్క నిఘంటువు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఒక పేరా దాటడానికి సాయంత్రమంతా పట్టేది. ఇది గొప్పగా చెప్పుకుంటున్నానని మీకనిపిస్తే, నిజమే, గొప్పగానే చెప్పుకుంటున్నాను. నాకు ఈ పని నేర్పిన బడి అదే.

అక్కడ చదివింది, తర్వాత వార్డులో చూసింది కలిపి నాకు అర్థమైన మేరకు చెప్తాను. డిప్రెషన్ అంటే దుఃఖం అని చాలామంది అనుకుంటారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఏడుపొస్తుంది, ఏడ్చాక గుండె కొంత తేలికవుతుంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ఎంతోమంది నాతో అన్న మాట వేరు: "ఏడుపు సుత వస్తలేదు సిస్టర్." ఆకలి, నిద్ర, ఆశ, చెయ్యి ఎత్తే శక్తి అన్నీ ఒకేసారి వదిలేస్తాయి. బైపోలార్ జబ్బులో ఇదీ ఉంటుంది, దీనికి ఎదురుగా ఇంకోటీ ఉంటుంది. వారాల తరబడి, నెలల తరబడి మనిషి పైపైకి ఎగురుతాడు. రెండు గంటలు పడుకుని లేచి అలసట లేదంటాడు. మాట ఆగదు, ఆలోచన ఆగదు, భయమన్నది ఉండదు. పొద్దున కోపం, సాయంత్రం నవ్వు రావడం ఈ జబ్బు కాదు. అది మనందరికీ ఉండేదే.

కప్పుతో మాట్లాడిన మనిషి

మల్లేశ్‌ది మందమర్రి. కార్మికుల క్వార్టర్లలో ఇల్లు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం అతని పని. ముందు కర్రతో కప్పును కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే వెనక్కు రావాలి. ఆ చప్పుడు వినడంలో మల్లేశ్‌కు మంచి పేరుండేది.

అలాంటి మనిషి ఒక చలికాలం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, మళ్లీ ఇటు తిరగలేదు. డ్యూటీ మానేశాడు. టిఫిన్ డబ్బా ఎత్తడానికే బరువంటాడు. పక్కింటివాళ్లు పేరు కూడా పెట్టారు, బాయిదొంగ అని. పనికి ఎగవేసేవాడని అర్థం. సుజాత అతన్ని ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయింది. అక్కడ డిప్రెషన్‌కు గోళీలు రాశారు. అంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా హుషారుగా తిరిగాడా అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా డిప్రెషన్ మందు మొదలుపెట్టనివ్వకండి. బైపోలార్ ఉన్న మనిషికి ఆ మందు ఒక్కటే ఇస్తే పాతాళం నుంచి నేరుగా ఆకాశానికి ఎగరేయవచ్చు. మల్లేశ్ విషయంలో అదే జరిగింది.

ఒక రోజు లేచి క్వార్టర్ తలుపుకు నీలం రంగు వేశాడు. తర్వాత పక్కింటి తలుపుకు, ఆ పక్కదానికి. ఆ వరసలో ఉండే ఒకాయన, తనకూ అతనికీ జరిగిన మాటలు నాకు చెబుతూ నవ్వాడు.

"ఏందన్నా, మా తలుపుకు సుత నీలమేనా? మా ఇంటామెకు నీలం పడదే!"

"పడ్తది తియ్యి. పొద్దుగూకేదాంక చూస్తె గదే పడ్తది. జర పక్కకు జరుగు, ఇంక శాన ఇండ్లున్నయి."

వాడ వాడంతా సంతోషపడింది. మల్లేశన్నకు పాణం మంచిగైందన్నారు. ఏ షిఫ్టుకు పిలిచినా పోతున్నాడని పైఅధికారి మెచ్చుకున్నాడు. సుజాత కొబ్బరికాయ కొట్టింది. జబ్బు ఒక వైపు నుంచి రెండో వైపుకు దాటిందని ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? బద్ధకాన్ని లోకం జబ్బు కింద చూడదు, అతిగా పనిచేయడాన్ని అసలే చూడదు.

ఒక రోజు బాయిలో దిమ్మెలు పెట్టని చోటికి, ఎర్ర జెండా దాటి, మల్లేశ్ ఒక్కడే నడుచుకుంటూ పోయాడు. వెనక నుంచి తోటివాళ్లు అరిచారు: "అరే మల్లన్నా, కప్పు కొట్టి చూసినవా?"

"కొట్టుడెందుకురా? అదే చెప్తాంది నాకు. ఇయ్యాల పడనంటాంది."

ముగ్గురు కలిసి బయటికి గుంజుకొచ్చారు. ఆ కప్పు నిజంగానే ఆ రోజు పడలేదు. దాంతో అతనికి ఏదో దైవశక్తి వచ్చిందని నమ్మినవాళ్లు కూడా ఉన్నారు. మిగిలినవాళ్లు మా దగ్గరికి తీసుకొచ్చారు.

గదిలో ఒక్కరే

మా డాక్టర్ రఘునందన్ సారుకు ఒక నియమం ఉండేది. రోగితో ఒంటరిగా మాట్లాడాలి. కుటుంబం బయట బెంచీ మీద ఉండాలి. ఈ నియమం మీద వచ్చినవాళ్లు గొడవ పెట్టుకునేవాళ్లు. "వానికేం తెలుస్తది సార్, నేను చెప్తా" అని అన్నలు, బావలు తలుపు నెట్టుకుని వచ్చేవాళ్లు. సారు కుర్చీలోంచి లేచి వాళ్లను మర్యాదగా బయటికి పంపేవాడు. కోపిష్ఠి, టైమంటే పట్టింపు, చదివిన వాళ్లంటే చిన్నచూపు లేదు కానీ చదవని నర్సులంటే ఉండేది. అయినా ఆ నియమం విషయంలో నేను ఆయన పక్షమే. ఈ రోజుకీ అంతే. మనసు జబ్బు వచ్చిన మనిషి మాటను ఇల్లంతా కలిసి లాక్కుంటుంది. మల్లేశ్ ఒకసారి నాతో అన్నాడు: "గీ ఒక్క కాడనే నా ముచ్చట నేను చెప్పుకుంటున్న సిస్టర్."

సారు అతనికి లిథియం మొదలుపెట్టాడు. అది చెడ్డ మందు కాదు. సరిగ్గా వాడితే ఎంతోమందిని నిలబెట్టింది. కానీ ఒంట్లో దాని మోతాదు మందుకూ విషానికీ మధ్య సన్నటి గట్టు మీద నడుస్తుంది. ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. వేసుకునే గోళీలు అవే అయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. ఇది నేను గ్రంథాలయంలో చదివాను, సారుకు పుస్తకం అవసరం లేకుండానే తెలుసు. ఆయన మల్లేశ్‌కు ఓపిగ్గా చెప్పాడు. నీళ్లు బాగా తాగు, ఉప్పు మానకు, చెప్పిన రోజున రక్తపరీక్షకు రా, నొప్పిగోళీలు నీ అంతట నువ్వు వేసుకోకు. మల్లేశ్ తల ఊపాడు.

సుజాత బయట బెంచీ మీద ఉంది. మల్లేశ్ తన జీవితంలో ఒక్క కూర కూడా వండలేదు. ఉప్పు ఎక్కడుంటుందో అతనికి తెలియదు. కంచంలో ఏది పెడితే అది తింటాడు. సరైన మాట సరైన నియమం ప్రకారం చెప్పాం. అది వంటింటిదాకా పోలేదు.

రెండేళ్లు మాత్రం బాగా గడిచాయి. డ్యూటీకి పోయేవాడు, నిద్రపోయేవాడు, రక్తపరీక్షలు తప్పేవాడు కాదు. "గా రంగులేసిన దినాలు యాదికొస్తయి సిస్టర్. గంత బలం మల్ల రాదు కదా?" అని ఒకసారి అడిగాడు. ఇలా అడిగినవాళ్లను మందలించకండి. వాళ్లు పోగొట్టుకున్నది వాళ్లకు నిజం. దాని కోసం కొంత దుఃఖపడనివ్వాలి.

పథ్యం

ఆ ఏడు ఎండలు ముదిరాక మల్లేశ్‌కు అన్నం సయించలేదు. కళ్లు పచ్చగా ఉన్నాయని ఎవరో అన్నారు. కామెర్లకు, మా వైపు వీటిని పసిరికలంటారు, ఖానాపూర్ వైపు ఒక ఊళ్లో ఆకుపసరు పోస్తారని తీసుకుపోయారు. పసరు పోసిన పెద్దమనిషి పథ్యం చెప్పాడు. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. చప్పటి మజ్జిగన్నం.

కొత్తవాళ్లకు ఇది అర్థం కావాలి. మన ఇళ్లలో మందు అంటే సగం పథ్యమే. పథ్యం తప్పితే మందు పనిచేయదని, పథ్యం గట్టిగా పట్టిన ఇల్లాలే మంచి ఇల్లాలని నమ్మకం. సుజాత ఉప్పు డబ్బాను అటక మీదికి ఎక్కించింది. భర్త చప్పిడి తింటుంటే తాను ఉప్పు తినడం బాగుండదని తానూ చప్పిడే తిన్నది. ఏ మందు చెప్పినా వదలని మనిషి కాబట్టి లిథియం గోళీలు కూడా రోజూ తన చేత్తోనే అందించింది. మల్లేశ్ బాయిలో చెమటోడ్చి వచ్చి చప్పటి అన్నం తిని గోళీ వేసుకునేవాడు.

ముందు చేతులు వణికాయి. తర్వాత వాంతులు. ఒక పొద్దున తూలుతూ డ్యూటీకి పోతే గేటు దగ్గర ఆపేశారు. మాట ముద్దగా వస్తోంది, కాళ్లు తడబడుతున్నాయి. కోల్‌బెల్టులో అలాంటి మనిషిని చూస్తే ఎవరికైనా ఒకటే తడుతుంది, తాగాడని. మా దవాఖాన క్యాజువాలిటీలో కూడా అదే తట్టింది.

"పొద్దుగాలనే ఏసిండా? పక్కకు పండబెట్టు, దిగినంక చూద్దాం," అన్నాడు అక్కడి ఉద్యోగి.

సుజాత అరిచిన అరుపు మెట్ల మీద ఉన్న నాకు వినబడింది. "సుక్క ముట్టలే సార్! నా పిల్లల మీద ఒట్టు. నెల సంది ఉప్పే ముట్టనోడు, ఇంక కల్లెట్ల ముడ్తడు?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. నేను పరుగున వెళ్లి, ఉప్పు మాట చెప్పి, సారును పిలిచాను. ఆయన వచ్చి మల్లేశ్ చేతులు చాచమన్నాడు, నాలుక చూశాడు, సుజాత వైపు తిరిగాడు.

"ఉప్పు ఎందుకు మానిండమ్మా?"

"పసిరికలు సార్. పత్తెం. ఒక్క పూట తప్పలే." ఆమె గొంతులో ఆ భయంలో కూడా కొంచెం గర్వం ఉంది. "నేను సుత తినలే."

సారు ఆమెను పక్కకు జరగమన్నాడు. సెలైన్ పెట్టించి, రక్తం తీయించి, అంబులెన్సులో కరీంనగర్‌కు పంపాడు. అక్కడ రక్తం శుద్ధి చేశారు. మల్లేశ్ బతికాడు. మెదడులో నడకను, మాటను నిలబెట్టే భాగం మాత్రం పూర్తిగా తేరుకోలేదు. అందరికీ ఇలా జరగదు, అతనికి జరిగింది. కాళ్లు ఎడంగా వేసి, గోడ పట్టుకుని నడిచేవాడు. మాట ఒక్కో ముక్కగా వచ్చేది. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే ఉంది. బాయిలోకి దిగే పని అక్కడితో అయిపోయింది.

చెప్పొద్దన్న మాట

కరీంనగర్ నుంచి వచ్చాక మొదటిసారి క్లినిక్‌లో సారు అతనికి జరిగిందంతా వివరంగా చెప్పాడు. గదిలో మేము ముగ్గురమే. మల్లేశ్ మాటలు కూడబలుక్కుంటూ అన్నాడు.

"సుజాతకు... చెప్పకుండ్రి. జెరమొచ్చి... గిట్లయిందనుండ్రి. తెలిస్తె... అది బతకది."

సారు సరేనన్నాడు. రోగి రహస్యం రోగిదే. నాకూ అది దయగానే తోచింది. పుస్తకాల్లో కూడా రహస్యం గురించి రాసి ఉంది. రహస్యం దాచిన చోట ఏం మొలుస్తుందో నేను చదివిన పుస్తకాల్లో లేదు.

కారణం తెలియని మనిషి ఖాళీగా ఉండదు, ఒక కారణం తయారు చేసుకుంటుంది. సుజాతకు కంటికి కనబడింది గోళీలు. "గా గోళీలే నా మొగన్ని కూలగొట్టినయి" అని క్వార్టర్లలో అందరికీ చెప్పింది. సారు లిథియం ఆపి వేరే మందు రాశాడు. దాన్ని ఆమె ఇంటికి తీసుకుపోయింది కానీ భర్తకు ఇవ్వలేదు. ఆ వరస నుంచి వచ్చే మరో ఇద్దరు రోగులు కూడా రావడం మానేశారు.

వానలు పడే నాటికి మల్లేశ్‌కు డిప్రెషన్ మళ్లీ వచ్చింది. క్లినిక్‌కు రాలేదు. వాళ్ల వాడ నుంచి వచ్చిన ఒకావిడ చెప్పింది, తిండి మానేశాడని, ఇంకెందుకు ఉండడం అంటున్నాడని. మరునాడు నేను మందమర్రి బస్సెక్కాను.

సుజాత వాకిట్లోనే ఎదురైంది. "రాండ్రి సిస్టరమ్మా. చాయ్ తాగి పోండ్రి. గని గోళీల మాట ఎత్తకుండ్రి."

"ఎత్తను బిడ్డా. జర మల్లేశ్‌తో కూర్చుంటా."

అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని నేరుగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తుందా?" ఈ ప్రశ్న అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని అంటారు, అది తప్పు. లోపల ఒంటరిగా మోస్తున్న మనిషికి ఆ ప్రశ్న ఒక తలుపు. మల్లేశ్ తల ఊపాడు. రోజూ అనిపిస్తోందన్నాడు.

"నీ మాట నేను దాటను. ఉప్పు సంగతి నా నోటి నుంచి రాదు," అన్నాను. "గని ఆమెకు తెలియనంత కాలం నీకు మందు దొరకదు. ఆమె నిన్ను కాపాడుతున్న అనుకుంటుంది. చెప్పేది నువ్వే, ఇంకెవరూ లేరు."

బయట గిన్నెలు కడిగే చప్పుడు ఆగిపోయింది. అప్పుడతను పిలిచాడు. సుజాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మల్లేశ్ ఒక్కో ముక్కా చెప్పాడు. మధ్యలో నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె నిలబడే విన్నది. అంతా అయ్యాక అడిగింది: "మరి గా దినమే ఎందుకు చెప్పలే?"

"నువ్వు... ఏడుస్తవని."

"ఇప్పుడు ఏడుస్తలేనా?" అని అక్కడే నేల మీద కూలబడింది. "నా చేతులతోని పెట్టిన. బతిమిలాడి పెట్టిన. తినబుద్ధయితలేదంటె కసిరి పెట్టిన."

"సారు నాకు... చెప్పిండు... ఉప్పు మానద్దని. నేను... నీకు చెప్పలే. పత్తెమనంగనే... మర్చిన. తప్పు నీ ఒక్కదానిది... కాదు."

ఆ మాట ఆమెకు చేరిందో లేదో నాకు తెలియదు. తప్పు నీది కాదని చెప్పడం తేలిక. ప్రేమతో పెట్టిన అన్నం కాళ్లు తీసిందని తెలిసిన మనిషికి ఆ మాట ఏ మూలకు వస్తుంది? ఊరికే ఆమె పక్కన కూర్చున్నాను. ఇలాంటి చోట ఊరికే కూర్చోవడం కూడా పనే. దాన్ని నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మేమిద్దరం కలిసి అతన్ని ఆ రోజే దవాఖానకు తీసుకొచ్చాం. కొన్నాళ్లు వార్డులో ఉంచుకున్నాం. ఇంటికి పంపే రోజు సారు ఎప్పటిలాగే మల్లేశ్‌ను ఒక్కణ్నే లోపలికి పిలిచాడు. సుజాత అతని జబ్బ పట్టుకుని తానూ వచ్చింది. సారు ఆమెను బయటికి పొమ్మనలేదు. మల్లేశ్‌ను అడిగాడు: "ఆమె ఉండాలా, బయట కూర్చోవాలా?"

"ఉండాలె," అన్నాడు మల్లేశ్.

ఇప్పుడు మీకు చెప్పే నియమం అదే. రోగితో ఒంటరిగా మాట్లాడండి. తర్వాత, నీకు అన్నం ఎవరు పెడతారని అడగండి. రోగి ఒప్పుకుంటే ఆ మనిషిని లోపలికి పిలిచి, మందుకు సంబంధించిన మాట వాళ్లకూ చెప్పండి.

సుజాత కుర్చీ చూపించినా కూర్చోలేదు. కొత్త గోళీల పట్టీ సారు బల్ల మీద పెట్టింది.

"గీటికి ఏం పెట్టాలె, ఏం పెట్టద్దు? ఎండకాలం ఏంది, వానకాలం ఏంది? పసరుమందు పోయచ్చా, పోయద్దా? మెల్లగ చెప్పుండ్రి సార్. నాకు సదువు రాదు, నోటికి పట్టుకుంట."

సారు మెల్లగానే చెప్పాడు. ఆమె ఒక్కో మాటనూ తిరిగి అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు. అప్పజెబుతున్నంతసేపూ ఆమె కళ్లు మల్లేశ్ పాదాల మీదే ఉన్నాయి. కుర్చీలో కూర్చుని కూడా, పడిపోతానేమోనన్నట్టు, అతను వాటిని ఎడంగానే పెట్టుకుని ఉన్నాడు.